రాత్రి బీపీ రిపోర్టులో నిద్ర వేళలు ఏవి?

సంపాదకులకు,

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల రోగులకూ ఇప్పుడు 24 గంటల బీపీ పరీక్ష రాస్తున్నారు. మంచిదే. చేతికి పట్టీ చుట్టి, నడుముకు మిషన్ తగిలించి ఇంటికి పంపితే అది పగలు 20 నిమిషాలకు, రాత్రి అరగంటకు ఒకసారి బీపీ చూసి దాచుకుంటుంది. నిద్రలో పై అంకె పగటి కంటే 10 నుంచి 20 శాతం తగ్గాలి. తగ్గనివాళ్లకు గుండెపోటు, పక్షవాతం ముప్పు ఎక్కువ. రాత్రి సగటు 120/70కి చేరిందంటే ఎక్కువ కిందే లెక్క.

చిక్కల్లా ఆ ‘రాత్రి’తోనే. ఎవరూ మార్చకపోతే మిషన్ సాధారణంగా రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకూ నిద్రేననుకుంటుంది. భావనపాడు, కళింగపట్నం వైపు చేపల వేటకెళ్లే మనిషి మూడింటికే లేస్తాడు. పది నుంచి మూడు దాకా పది రీడింగుల సగటు 118, లేచాక ఆరింటి వరకూ ఆరు రీడింగుల సగటు 142 అనుకుందాం. కలిపి లెక్కేస్తే 127. పగటి సగటు 140 అయితే తగ్గింది 9 శాతమే కాబట్టి ‘రాత్రి బీపీ తగ్గడం లేదు’ అని రిపోర్టు వస్తుంది. నిద్రపోయిన వేళ వరకే చూస్తే దాదాపు 16 శాతం తగ్గింది. (పగటి 140 ఎలాగూ ఎక్కువే, అది వేరే సంగతి.) జూట్ మిల్లులో నైట్ షిఫ్టు చేసేవాళ్లకైతే లెక్క పూర్తిగా తలకిందులు. మధ్యాహ్నం కునుకు కూడా పగటి సగటును కిందికి లాగుతుంది.

అందుకని మిషన్ కట్టేటప్పుడే ఒక కాగితం ఇవ్వాలి. పడుకున్నది, లేచింది, పగలు కునుకు తీసింది, రాత్రి మూత్రానికి లేచింది, మాత్ర వేసుకున్నది ఎన్నింటికో రోగి రాసుకొస్తే, ఆ వేళలు కంప్యూటర్‌లో మార్చడం రెండు నిమిషాల పని.

ఇక నిద్ర చెడేది ఎక్కువగా పట్టీ వల్లే. లావు చేతికి మామూలు సైజు కడితే అంకె ఎక్కువ చూపిస్తుంది, నొప్పీ పెడుతుంది. 32 సెంటీమీటర్లు దాటిన చేతికి పెద్ద పట్టీ కావాలి. ట్యూబును భుజం మీదుగా మెడ వెనక నుంచి తిప్పాలి. ఒత్తిగిల్లినప్పుడు అది మడత పడిందంటే రీడింగు రాదు, కాసేపటికి మిషన్ మళ్లీ గాలి కొడుతుంది. మనిషి ఉలిక్కిపడి లేస్తాడు, బీపీ పెరుగుతుంది. తప్పు రెండో వైపూ జరుగుతుంది. ఎడమ చేతికి పట్టీ ఉండి కుడి పక్కకు పడుకుంటే చెయ్యి గుండె కంటే పైకి వెళ్తుంది. 13 సెంటీమీటర్ల ఎత్తుకు దాదాపు 10 పాయింట్లు తక్కువ చూపిస్తుంది.

రాత్రి కనీసం 7, పగలు 20 సరైన రీడింగులు లేకపోతే పరీక్ష మళ్లీ చేయాలి. ఉక్కపోతలో కరెంటు పోయి రాత్రంతా జాగారం చేసినా అంతే. ఆ ఒక్క రాత్రిని పట్టుకుని మందు పెంచకూడదు. అలాగని ఉద్దానం కిడ్నీ రోగుల్లోనో, గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగేవాళ్లలోనో రాత్రి బీపీ తగ్గకపోతే పట్టీ మీదికి నెట్టేయనూ కూడదు, వాళ్లలో అది నిజంగానే తగ్గకపోవచ్చు. గురక ఉంటే నిద్ర పరీక్ష కూడా రాయాలి.

రిపోర్టు చూసి పొద్దుటి మాత్రను సొంతంగా రాత్రికి మార్చుకునేవాళ్లున్నారు. బ్రిటన్‌లో 21 వేల మందికి పైగా రోగులపై చేసి 2022లో వెల్లడించిన అధ్యయనంలో గుండెపోటు, పక్షవాతం విషయంలో రెండు వేళలకూ తేడా కనిపించలేదు. మూత్రం జారీ చేసే మాత్రనైతే రాత్రికి మారిస్తే ఉన్న నిద్రా పోతుంది.

ల్యాబుల వాళ్లు సగటు ఉన్న మొదటి పేజీ ఒక్కటే చేతిలో పెట్టకుండా, గంటల వారీ రీడింగుల పట్టికా ఇవ్వాలి. విశాఖ వెళ్లి చూపించుకున్నా డాక్టరు అడిగేది దాన్నే.

– బీపీ పరీక్షల టెక్నీషియన్, శ్రీకాకుళం