మంత్రి గారూ, సుబాబుల్ చెట్లను కాయ పచ్చిగా ఉన్నప్పుడే కొట్టించండి

అటవీ శాఖ మంత్రి గారికి నమస్కారం.

మాది పరకాల దగ్గర పల్లె, ఉండేది హన్మకొండలో. కొన్నేళ్ల కింద కొడైకెనాల్ పోయినప్పుడు మా పాప ఏరుకొచ్చిన పైన్ కాయ ఒకటి ఇప్పటికీ టీవీ పక్కనే ఉంది. ఎండాకాలం పొరలన్నీ విచ్చుకుంటుంది, ముసురు పట్టిందంటే ముడుచుకుపోతుంది. చెట్టు నుంచి రాలి ఎన్నేళ్లయిందో, దాని పని మాత్రం ఆపలేదు! గాలి పొడిగా ఉన్నప్పుడు వదిలితేనే రెక్క ఉన్న ఆ విత్తనం దూరం పోతుంది, అదీ లెక్క. దక్షిణాఫ్రికా కేప్ కొండల్లో బయటి నుంచి తెచ్చి నాటిన పైన్లు ఇంకా ముదుర్లు: కొన్నిటి కాయలు జిగురుతో మూసుకుని ఏళ్ల తరబడి కొమ్మకే ఉండి, కొండ అంటుకున్నప్పుడు ఆ వేడికి విచ్చుకుని, ఖాళీ అయిన నేల మీద విత్తనాలు కుమ్మరిస్తాయి.

మనకు పైన్ల గొడవ లేదు, సుబాబుల్ ఉంది. ప్రకృతి పరిరక్షణ చూసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ వాళ్ల 100 మొండి ఆక్రమణ జాతుల (బయటి నుంచి వచ్చి స్థానిక మొక్కల్ని, జీవాల్ని తొక్కేసేవి) జాబితాలో ఆ కేప్ పైన్లలో ఒకటీ ఉంది, ఇదీ ఉంది. రైతు తన చేనులో వేసుకుంటే నేనేమీ అనను, మేకలకు మేత, పేపర్ మిల్లుకు కర్ర. చెరువు కట్ట ఎక్కితేనే తంటా.

పోయిన ఎండాకాలం మా కట్ట మీద కొట్టించారు. ఎప్పుడు? కాయలు ఎండి, ముట్టుకుంటే పగిలేటప్పుడు. కొమ్మలు ట్రాక్టర్‌కెత్తి ఊళ్లో నుంచి తీసుకుపోతుంటే దారి పొడవునా గింజలు గలగలా రాలాయి. మృగశిర వానలు పడ్డాక చూస్తే కట్ట సరే, ట్రాక్టర్ పోయిన బాటకు రెండు పక్కలా నారు పోసినట్టు మొలకలు. అడిగితే "పనులు ఎండాకాలమే మంజూరవుతాయి" అన్నారు. చెట్టుకు ఆ సంగతి తెలియదు కదా సార్.

చెత్తతో పాటు కాల్చేస్తే పోతుందనీ ఒకాయన అన్నాడు. ఆ గింజ పొట్టు ఎంత గట్టిదంటే మొలిపించడానికి నర్సరీలోళ్లు వేడినీళ్లలో వేస్తారు, పైపై మంటతో అన్నీ చస్తాయా?

కాయ ఎండకముందే కొట్టించండి. తప్పదంటే కొమ్మలపై టార్పాలిన్ కప్పి తీసుకుపొమ్మనండి. తొలివానలకు మొలిచినవి జానెడున్నప్పుడే ఉపాధి కూలీలతో పీకించండి, తడి నేలలో వేరుతో సహా వస్తాయి. గింజ మట్టిలో ఏళ్లపాటు ఉంటుంది కాబట్టి ఒక్క ఏడుతో అయిపోదు.

మొన్న ఆదివారం కట్ట మీదికి పోయొచ్చాను. నరికిన మొద్దుల నుంచి లేచిన కొమ్మలకు అప్పుడే కాయ పట్టింది. ఇంకా పచ్చిగానే ఉంది.