ఏహెచ్‌యూలు హ్యాండ్‌లో నడుస్తున్నాయి, ఎవరూ పట్టించుకోవట్లేదు

ఎడిటర్ గారికి నమస్కారం,

పెద్ద పెద్ద ఆఫీసు బిల్డింగుల్లో, మాల్స్‌లో, హాస్పిటల్స్‌లో ఏసీ కరెంటు తగ్గాలంటే ఆటోమేషన్ పెట్టాలని అందరూ చెప్తుంటారు, బానే ఉంది, కానీ పెట్టిన ఆటోమేషన్‌ని చాలా చోట్ల ఎవరో ఒకరు పక్కన పడేశారన్న సంగతి మాత్రం ఎక్కడా రాయరు. 20 ఏళ్ళుగా ఏహెచ్‌యూ రూముల్లోనే పని చేస్తున్నా, అందుకే రాస్తున్నా.

తెలీనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఏహెచ్‌యూ (ఎయిర్ హ్యాండ్లింగ్ యూనిట్) అంటే గాలిని చల్లబరిచి ఫ్లోరంతా పంపే పెద్ద యూనిట్. ఫ్లోర్ నుంచి తిరిగొచ్చిన గాలి, బయటి నుంచి తీసుకున్న కొంచెం ఫ్రెష్ గాలి కలిసి ఫిల్టర్ దాటి, చల్లటి నీళ్ళు తిరిగే కాయిల్ మీదుగా వెళ్తాయి, అక్కణ్ణించి బ్లోయర్ డక్టుల్లోకి తోస్తుంది. కాయిల్‌కి ఎన్ని నీళ్ళు కావాలో వాల్వు చూసుకుంటుంది, బయటి గాలి సంగతి డ్యాంపర్‌ది, అంటే తెరుచుకుని మూసుకునే రెక్కలది, బ్లోయర్ స్పీడు వీఎఫ్‌డీది, అంటే మోటారు వేగం పెంచి తగ్గించే పరికరానిది. వీటన్నిటికీ ఆర్డర్లిచ్చేది కంట్రోలర్, అది మాత్రం సెన్సర్ ఏం చెప్తే అదే నమ్ముతుంది.

ఇప్పుడు అసలు విషయం. చాలా ఏహెచ్‌యూ ప్యానెళ్ళ మీద ఆటో, ఆఫ్, హ్యాండ్ అని ఒక సెలక్టర్ స్విచ్ ఉంటుంది. హ్యాండ్‌లో పెడితే కంట్రోలర్ మాట ఇంక చెల్లదు, చాలా చోట్ల బ్లోయర్ ఫుల్ స్పీడులో తిరుగుతూనే ఉంటుంది, రాత్రీ లేదు సెలవూ లేదు. ఒక బిల్డింగులో కొత్తగా చేరినప్పుడు అన్ని ఫ్లోర్లూ తిరిగి చూశా, సగం పైన ఏహెచ్‌యూలు హ్యాండ్‌లోనే ఉన్నాయి. ఎందుకు పెట్టారంటే ఎవరికీ గుర్తులేదు, "చలి కంప్లైంట్ వచ్చింది సార్, అప్పట్నుంచి అలాగే ఉంది" అన్నాడు షిఫ్ట్ కుర్రాడు. ఆ ఫ్లోర్‌లో వాల్వుని కూడా చేత్తో తిప్పి సగంలో ఆపేసి వదిలేశారు.

అసలు ఆ చలి ఎందుకొచ్చిందో చూద్దామని, ఫ్లోర్ నుంచి గాలి తిరిగొచ్చే రిటర్న్ డక్టులో ఉన్న టెంపరేచర్ సెన్సర్ ప్రోబ్ బయటికి తీసి, గ్లాసులో ఐసు ముక్కలూ నీళ్ళూ కలిపి అందులో ముంచి కాసేపు ఆగాం. ఐసు కరుగుతున్న నీళ్ళలో 0 డిగ్రీలు చూపించాలి కదా, స్క్రీన్ మీద 3 చూపించింది. అంటే ఫ్లోర్ 23 దగ్గర హాయిగా ఉన్నా కంట్రోలర్‌కి 26లా కనపడుతోంది, ఆటోలో ఉన్నన్నాళ్ళూ పాపం అది వాల్వు మొత్తం తెరిచేసి నీళ్ళు పంపేది, కింద జనం శాలువాలు కప్పుకుని కూర్చునేవాళ్ళు, అందుకే ఎవరో హ్యాండ్‌లో పెట్టేశారు. కంట్రోలర్ తప్పేం లేదు, టెక్నీషియన్ తప్పూ లేదు, తప్పు చెప్పింది ఆ సెన్సర్. దాన్ని మార్చి ఆటోలో పెట్టాక ఆ ఫ్లోర్ నుంచి చలి అని మళ్ళీ ఫోన్ రాలేదు.

హ్యాండ్‌లో ఉంటే పోయేది కొంచెమే కదా అనుకోకండి. బ్లోయర్ స్పీడు 80 శాతానికి తగ్గిస్తే తినే కరెంటు లెక్క ప్రకారం 51 శాతానికి పడిపోతుంది, ఎందుకంటే పవర్ స్పీడుకి ఘనంలో మారుతుంది. సగం స్పీడు చాలు అన్న టైంలో అయితే ఎనిమిదో వంతే. నిజం మోటార్లలో ఇంత కచ్చితంగా రాకపోయినా తేడా మాత్రం చాలా పెద్దది. ఇదంతా వదులుకుని ఫుల్ స్పీడులో తిప్పుతున్నాం.

ఇంకో మాట, స్క్రీన్ చూసి నమ్మేయొద్దు. ఒకసారి ఫ్రెష్ ఎయిర్ డ్యాంపర్ 30 శాతం తెరుచుకున్నట్టు చూపిస్తోంది, మీటింగ్ రూముల్లో మాత్రం మధ్యాహ్నానికి అందరికీ తల బరువు, నిద్ర. వెళ్ళి చూస్తే యాక్చుయేటర్, అంటే డ్యాంపర్‌ని తిప్పే చిన్న మోటారు, తిరుగుతోంది గానీ దానికీ డ్యాంపర్‌కీ మధ్య రాడ్ బోల్టు లూజై జారిపోతోంది, రెక్కలు మూసుకునే ఉన్నాయి. స్క్రీన్ మీద కనపడే అంకె చాలాసార్లు మనం ఇచ్చిన ఆర్డరే, జరిగింది కాదు. సీఓటూ (మనం వదిలే కార్బన్ డయాక్సైడ్) మీటర్ పెట్టి చూస్తే 1000 పీపీఎం, అంటే గాలిలో పది లక్షల్లో వెయ్యి వంతులు, ఎప్పుడో దాటేసింది, బయటి గాలిలో ఉండేది 400 చిల్లరే.

ఫైర్ సంగతి కూడా భయం వేస్తుంది. కంట్రోలర్ నుంచి వచ్చే ఆఫ్ కమాండ్ హ్యాండ్‌లో ఉన్న బ్లోయర్‌కి చేరదు, కాబట్టి అలారం మోగగానే బ్లోయర్‌ని ఆపేసే ఫైర్ అలారం ట్రిప్‌ని సెలక్టర్ స్విచ్‌తో సంబంధం లేకుండా విడిగా వైరింగ్ చెయ్యాలి, లేకపోతే పొగని మనమే డక్టుల్లో తిప్పి అన్ని రూములకీ పంచినట్టు. మీ బిల్డింగులో ఎలా ఉందో ఒక్కసారి హ్యాండ్‌లో పెట్టి టెస్ట్ చేయించండి.

సిస్టం పెట్టినవాళ్ళు ఒక పూట ట్రైనింగ్ ఇచ్చి వెళ్ళిపోతారు, ట్రైనింగ్ తీసుకున్నవాళ్ళు ఉద్యోగం మారతారు, రాత్రి షిఫ్ట్ కుర్రాడి చేతిలో పాస్‌వర్డ్ కూడా ఉండదు, అతనికి తెలిసింది ఆ స్విచ్ ఒక్కటే. అతన్ని తిట్టి లాభం లేదు. ఓనర్లూ మేనేజర్లూ నెలకోసారి ఒక్క కాగితం అడగండి, ఏయే ఏహెచ్‌యూ హ్యాండ్‌లో ఉంది, ఎప్పట్నుంచి, ఎందుకు అని. ఏడాదికోసారి సెన్సర్లు చెక్ చేయించండి, ఐసు గ్లాసు ఖర్చు ఎంతో కాదు. కరెంటు పొదుపు గురించి మీ పేపర్లో ఈసారి రాసేటప్పుడు ఒక ఏహెచ్‌యూ రూములోకి కూడా వెళ్ళి ఆ స్విచ్ ఎటు తిరిగుందో చూసి రాయండి సార్.

ఇట్లు,
ఒక మెయింటెనెన్స్ టెక్నీషియన్