నా పెట్టెల జోకు పండిందిరా!

ఒరేయ్ హెడ్మాస్టరూ,

ముందు నువ్వు తిట్టాల్సిన తిట్లన్నీ తిట్టేసెయ్. నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. చదివిన రోజే జవాబు మొదలుపెట్టి నాలుగు లైన్లు రాశాను. ఆ కాగితం ఏ ప్యాంటు జేబులో ఉండి నీళ్ళలో నానిపోయిందో తెలీదు. క్షమించరా, నిజంగా. ఇప్పుడు కూడా జోకుల నోట్‌బుక్కు వెనక పేజీలు చింపి, హాలు మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. ఈ స్టాండప్ కామెడీ షోలో నా వంతు రావడానికి ఇంకా గంటన్నర ఉంది. ఈలోగా ఈ సంగతి నీకు చెప్పకపోతే నాకు ఊపిరాడేలా లేదు.

కబుర్లు గబగబా చెప్పేస్తాను. అమ్మ మోకాలు నయమైంది, మెట్లెక్కుతోంది. గది మారాను, కొత్త అడ్రసు కవరు వెనక ఉంది. ఉద్యోగం మానేసి ఏడాదైంది, అద్దె ఒక్క నెల కూడా ఆలస్యం చేయలేదు. జామెట్రీ బాక్సు నా దగ్గరే ఉంది, దాని గురించి నువ్వు ఒక్క మాట కూడా మాట్లాడొద్దు. అంతే. ఇక అసలు విషయం.

పెట్టెల జోకు గుర్తుందా? పోయినసారి నువ్వొచ్చినప్పుడు చెప్పి వినిపించాను. "బాగుందిరా" అన్నావు. నీ మొహం చూడగానే బాగాలేదని తెలిసిపోయింది. నువ్వు అబద్ధం చెప్పేటప్పుడు ఎడమ చెవి పట్టుకుంటావు కదా, ఆరో తరగతి నుంచీ.

మా నాన్న సంగతి నీకు తెలుసు. ఏ వస్తువు కొన్నా దాని అట్టపెట్టె పారేయడు. రిపేరుకి పంపాల్సి వస్తే కావాలి కదా అంటాడు. వస్తువు పాడై, పాత సామాన్లవాడికి పోయినా పెట్టె మాత్రం అటక మీదే ఉంటుంది. మేం ఇల్లు మారేటప్పుడు ఆ అటక మీంచి పెద్ద టీవీ పెట్టె ఒకటి దింపాం. ఆ టీవీ పోయి పదేళ్ళు. పెట్టె ఎత్తితే కాస్త బరువుగా తగిలింది. నాన్న ఇన్నాళ్ళూ మాకు చెప్పకుండా ఏం దాచాడా అనుకుంటూ మూత తెరిచాను. లోపల అన్నీ ఖాళీ పెట్టెలు పేర్చి ఉన్నాయి. ఇది జరిగిన విషయం, ఒక్క అక్షరం కల్పించలేదు.

ఆ రోజు ఇంటిల్లిపాదీ నవ్వాం. స్టేజీ మీద చెబితే ఎవరూ నవ్వరు. ఎనిమిది నెలలు, అరవై సార్లకు పైనే చెప్పి ఉంటాను. మేం ప్రతి సెట్టూ, అంటే స్టేజీ మీద మా వంతు మొత్తం, ఫోన్‌లో రికార్డు చేసుకుంటాం, మర్నాడు పొద్దున్నే కూర్చుని వింటాం. నా రోజు మొదలయ్యేది అలాగే. ఏ మాట దగ్గర నవ్వారు, ఎంతసేపు నవ్వారు, ఎక్కడ కుర్చీలు కిర్రుమన్నాయి అని రాసుకుంటాను. కుర్చీలు కిర్రుమన్నాయంటే జనం కదులుతున్నారు, నా మాట వాళ్ళని పట్టుకోలేదని అర్థం. పెట్టెల జోకు దగ్గర ప్రతి రికార్డింగులోనూ ఆ కిర్రు వినిపించేది. గొంతు పెంచి చెప్పాను, తగ్గించి చెప్పాను, నాన్నలా నడిచి చూపించాను. చివర్లో "అంటే ఖాళీ పెట్టె నిండా ఖాళీ పెట్టెలే దాచిపెట్టాడన్నమాట మా నాన్న" అని వివరణ కూడా తగిలించాను. అబ్బే. సరదాకి ముక్కులోంచి గాలి వదిలేవాళ్ళు ఇద్దరు ముగ్గురు. నాతో పాటు షోలు చేసే మిగతావాళ్ళు "వదిలెయ్, అది ఇంట్లో నవ్వుకునే విషయం, స్టేజీది కాదు" అన్నారు. నేను వదల్లేకపోయాను. ఎందుకో చెప్పలేను. అందులో నాన్న ఉన్నాడు కాబట్టేమో.

ఇక మొన్న రాత్రి సంగతి. మేడ మీద చిన్న హాలు, నలభై కుర్చీలు, దాదాపు అన్నీ నిండాయి. ఆ సాయంత్రానికి నాది రెండో షో. మొదటిది సిటీకి ఆ చివర, అక్కడ అయిదు నిమిషాలు చేసి పరిగెత్తుకొచ్చాను. ఇక్కడ నాకు ఏడు నిమిషాలు. అక్కడ వైర్ లేని మైకు వాడతారు. దాని బ్యాటరీలు మార్చమని మేమంతా ఎన్నిసార్లో చెప్పాం. సౌండ్ చూసే కుర్రాడిది తప్పు కాదు పాపం, కొనిపెట్టాల్సినవాళ్ళు కొనరు.

సెట్ మామూలుగానే మొదలైంది. మైకు స్టాండు తీసి వెనక్కి జరిపాను. మొదటి రెండు జోకులకీ నవ్వారు. తర్వాత పెట్టెలు. పెద్ద పెట్టె దింపాం, బరువుగా ఉంది, మూత తెరిచాను, "లోపల అన్నీ ఖాళీ పెట్టెలు" అన్నాను. టప్. మైకు చచ్చిపోయింది.

"పేర్చి ఉన్నాయి" అన్న రెండు మాటలూ నా నోట్లోనే ఉండిపోయాయిరా.

ఒక్క క్షణం ఏమీ లేదు. నేను మైకు వంక చూస్తున్నాను, దాని కింద చిన్న పచ్చ దీపం ఆరిపోయింది. అప్పుడు ఎడమ పక్క నుంచి ఒకావిడ నవ్వింది. వెంటనే వెనక వరస. తర్వాత హాలంతా. ముక్కులోంచి గాలి కాదు, ఒళ్ళు ఊపే నవ్వు. ఒకాయన ముందు కుర్చీ వీపు పట్టుకుని వంగిపోయాడు. మర్నాడు రికార్డింగు విని లెక్కపెట్టాను, పదకొండు సెకన్లు. పదకొండు సెకన్లు అంటే నీకు తక్కువగా అనిపిస్తుంది. చేతిలో గడియారం పెట్టుకుని చూడు, మా పనిలో అది ఎంత పెద్ద టైమో తెలుస్తుంది.

ఏం జరిగిందో నాకు స్టేజీ మీద అర్థం కాలేదు. గదికొచ్చి, రాత్రి ఒంటిగంటకి, చెప్పులు కూడా విప్పకుండా రికార్డింగు మళ్ళీ మళ్ళీ వింటుంటే తట్టింది. నువ్వు తెలుగు పాఠం చెప్పేవాడివి, నీకిది అందరికంటే బాగా తెలుస్తుంది. నవ్వు పుట్టించే మాట వాక్యంలో చిట్టచివర పడాలని ఈ పనిలోకొచ్చిన మొదటి వారంలోనే చెబుతారు. ఆ మాట తర్వాత ఇంకో మాట వస్తే, నవ్వబోతున్న మనిషి ఆగి వింటాడు. ఆగాడంటే ఇక నవ్వడు. ఇంగ్లీషులో చేసేవాళ్ళకి ఇది కాస్త తేలిక, క్రియ మధ్యలోనే చెప్పేసి చివరికి పేరు అట్టేపెట్టుకోవచ్చు. మన వాక్యంలో చివరి కుర్చీ ఎవరిది? క్రియది. ఉన్నాయి, అన్నాడు, వచ్చింది, చేశాను. నేను "పెట్టెలు" అనగానే వాళ్ళు నవ్వడానికి సిద్ధమవుతున్నారు. సరిగ్గా అప్పుడే "పేర్చి ఉన్నాయి" అంటూ ఆ నవ్వుని తొక్కేస్తున్నాను. ఆ మీద వివరణ కూడా. ఎనిమిది నెలలుగా వాళ్ళు నవ్వబోతుంటే నేనే నోరు మూయిస్తున్నాను.

ఆ రాత్రి నోట్‌బుక్కు తీసి నా పాత జోకులన్నీ ముందేసుకున్నాను. చివరి మాటల కింద గీతలు గీశాను. పదింటికి ఏడు "అన్నాడు", "చేశాడు", "అనుకున్నాను"తో ముగుస్తున్నాయి! కొన్ని కొట్టేస్తే సరిపోతుంది. కొన్నింటిని "వచ్చింది ఎవరనుకున్నారు" అని మొదలుపెట్టి పేరు చివరికి తేవచ్చు. మనం ఇంట్లో మాట్లాడేటప్పుడు అలాగే మాట్లాడతాం కదరా! "తెచ్చాడయ్యా మహానుభావుడు" అంటాం. స్టేజీ ఎక్కగానే నాకెందుకో పుస్తకంలో వాక్యం వచ్చేస్తోంది. తెల్లారి నాలుగింటిదాకా కూర్చున్నాను. బావిలో బకెట్ రోజు తర్వాత ఇంత సంతోషం నాకెప్పుడూ లేదు.

అయ్యో, కథ మధ్యలో వదిలేశాను. మైకు పోయింది కదా. కుర్రాడు బ్యాటరీల కోసం కిందకి పరిగెత్తాడు. నేను మైకుని స్టూలు మీద పెట్టి రెండడుగులు ముందుకొచ్చి నిలబడ్డాను. ఇంతలో మూడో వరసలోంచి ఒక పెద్దాయన "మా ఇంట్లో కూడా అంతే బాబూ, కాకపోతే ఆ నాన్నని నేనే" అన్నాడు. మళ్ళీ నవ్వులు. "ఏ పెట్టె దాచారు సార్?" అన్నాను. "ఇస్త్రీ పెట్టెది. ఇస్త్రీ పెట్టె మా ఆవిడ ఎవరికో ఇచ్చేసింది, దాని పెట్టె ఇవ్వలేదు" అన్నాడు. ఆయన పక్కనున్నావిడ చేత్తో మొహం కప్పుకుంది. ఇంకో అమ్మాయి వాళ్ళ నాన్న చెప్పుల డబ్బాల మీద సంవత్సరాలు రాసి పెడతాడని చెప్పింది. మైకు లేకపోవడం వల్ల నేను మెల్లగా, ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూస్తూ మాట్లాడాల్సి వచ్చింది. వాళ్ళు కూడా నా మాట వినడానికి కాస్త ముందుకు వంగారు. నలభై మంది ముందుకు వంగిన హాలు ఎలా ఉంటుందో నీకెలా చెప్పను... మన ఊరగాయ మాస్టారు పాఠం ఆపి కథ చెప్పిన రోజుల్లో క్లాసు ఉండేది చూడు, అలా.

అప్పుడే వెనక నుంచి లైటు పడింది. షో నడిపించే హోస్ట్ అమ్మాయి ఫోన్ టార్చి వెలిగించి చూపించింది. ఒక్క నిమిషం ఉంది, ముగించుకో అని. రేయ్, ఇంత మంచి హాలు నాకు ఈ నాలుగేళ్ళలో దొరకలేదు. ఇంకో పది నిమిషాలు నిలబడినా ఎవరూ వద్దనేవాళ్ళు కాదేమో. కానీ నా తర్వాత ఇద్దరున్నారు, అందులో ఒకడికి అది మొదటి షో. పొద్దున్నుంచీ టెన్షన్‌తో వాడి చేతులు చల్లగా ఉన్నాయి. వాడి టైము నేను తినకూడదు. దండం పెట్టి దిగిపోయాను. ఆ జోకు పండినందుకు ఎంత సంతోషమో, లైటు చూసి ఆగినందుకు కూడా అంతే. ఈ మాట ఇంకెవరితోనూ అనలేదు, నీతోనే.

నువ్వడిగిన వాటికి జవాబులు మర్చిపోకముందే రాసేస్తాను. స్టాండప్ స్టేజీ వెనక ఎప్పుడూ ఇటుక గోడే ఎందుకు అన్నావు. 1963లో న్యూయార్క్‌లో ఇంప్రవ్ అని ఒక క్లబ్బు పెట్టారు. గోడ పాత పలకలు తీసేస్తే ఇటుకలు బయటపడ్డాయి, పైన మళ్ళీ కప్పించే డబ్బు లేక అలాగే ఉంచారు. తర్వాత వచ్చినవాళ్ళు చాలామంది అదే చూసి పెట్టుకున్నారు. డబ్బులిస్తారా అని రెండోది. ఓపెన్ మైక్‌లకి, అంటే ఎవరైనా పేరిచ్చి స్టేజీ ఎక్కే షోలకి, ఇవ్వరు, అవి మాకు సాధన. టికెట్టు షోలకి కొంత ఇస్తారు. నా అద్దె కట్టేది మాత్రం కంపెనీల ఫంక్షన్లలో చేసే షోలే. అక్కడ ఏం మాట్లాడకూడదో ముందే జాబితా పంపుతారు. ఈ డబ్బుల గొడవ కొత్తది కాదురా. 1979లో లాస్ ఏంజెలెస్‌లో కామెడీ స్టోర్ అనే క్లబ్బు ముందు కమెడియన్లు దాదాపు ఆరు వారాలు సమ్మె చేశారు. హాలు నిండేది వీళ్ళ వల్ల, వీళ్ళకి మాత్రం రూపాయి లేదు, స్టేజీ ఇవ్వడమే గొప్ప అన్నారు క్లబ్బువాళ్ళు. చివరికి సెట్టుకి 25 డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. మేమూ పోయిన నెల ఒకచోట అందరం కలిసి అడిగాం. ఆలోచిస్తామన్నారు. చూడాలి. దాని గురించి ఇంకోసారి పెద్దగా రాస్తాను, ఇప్పుడు తలుచుకుంటే కోపం వస్తుంది.

అసలు చెప్పాల్సింది ఇంకా ఒకటుంది. దీనికే ఇంతసేపు రాశాననుకో.

మర్నాడు పొద్దున్న నాన్నకి ఫోన్ చేశాను. ఆయన నా షోకి ఒక్కసారి కూడా రాలేదని నీకు తెలుసు. ఆ జోకు రాసినప్పుడు నాలో కొంచెం కసి కూడా ఉండేది. అన్నీ దాచుకునే మనిషి నాతో నాలుగు మాటలు మాట్లాడడేం అని. బహుశా జనానికి అది వినిపించేదేమో, అందుకే... సరే, అది తర్వాత. ఫోన్‌లో అవీ ఇవీ మాట్లాడి అడిగాను, "నాన్నా, ఆ టీవీ పెట్టెలో చిన్న పెట్టెలెందుకు పెట్టావు?"

ఒక్క క్షణం ఆలోచించి చెప్పాడు.

"చోటు కలిసొస్తుందని."

నేను ఫోన్ చెవికి పెట్టుకుని అలాగే నిలబడ్డాను. చూశావా? ఆయన వాక్యంలో చివర ప్రధాన క్రియ లేదు. "పెట్టాను" అనలేదు. "కలిసొస్తుందని" అని ఆపేశాడు. ఎనిమిది నెలలు నేను వెతికింది ఆయన నిద్ర మొహంతో ఒక్క ముక్కలో చెప్పేశాడు. మా భాషలో దీన్ని ట్యాగ్ అంటారు, నవ్వు తగ్గుతుండగా దాని మీద ఇంకో నవ్వు తెచ్చే మాట. ఇంతకంటే మంచి ట్యాగ్ నేను జన్మలో రాయలేను.

ఈ రాత్రి వాడాలని నాలుక దురద పెడుతోంది. "లోపల... పెట్టెలు." ఈసారి "అన్నీ ఖాళీ" కూడా తీసేసి చూస్తాను, ఆ మాటలు ముందే వచ్చి సగం చెప్పేస్తున్నాయి. ఆ తర్వాత నవ్వు ఆగబోతుండగా నాన్న మాట. కానీ అది ఆయన మాట కదరా. పెట్టెల సంగతి మా ఇంట్లో అందరిదీ, ఈ మాట మాత్రం ఆయన ఒక్కడిదీ, నన్ను నమ్మి చెప్పింది. అడగకుండా నలభై మందికి ఎలా చెప్పను? నువ్వైతే ఏం చేస్తావు? మధ్యాహ్నం నుంచీ ఇదే ఆలోచన. ఇప్పుడు నీకు రాస్తుంటే తేలిపోయింది. ఈ రాత్రి వాడను. ఆదివారం ఇంటికెళ్ళి, ఎదురుగా కూర్చుని, జోకంతా ఆయనకే చెబుతాను. చివర్లో ఆయన మాట కూడా. సరేనంటే అప్పుడు

హోస్ట్ మెట్ల దగ్గరికొచ్చి చెయ్యి ఊపుతోంది. వరసలో ఒకడు రాలేదట, నన్ను ముందుకి జరిపారు. మూడు నిమిషాలే ఉంది. కవరు మీద స్టాంపు ఉందో లేదో చూసుకోవాలి. మీ అమ్మగారికి నమస్కారాలు చెప్పు. చెవి పట్టుకోకుండా జవాబు రాయి.

నీ
వెనక బెంచీ