రీస్టోర్ చేసి చూశారా?

ఎడిటర్ గారికి నమస్కారం. మా ఆఫీసులో రోజూ రాత్రి 11కి ఫైళ్లకి కాపీ తీసే బ్యాకప్ టాస్క్ నడుస్తుంది, పొద్దున్నే స్క్రీన్ మీద పచ్చగా సక్సెస్ అని కనిపిస్తుంది, అందరం నిశ్చింతగా ఉన్నాం. మొన్న సర్వర్ డిస్క్ పోయి రీస్టోర్ పెడితే, అంటే బ్యాకప్ నుంచి ఫైళ్లు వెనక్కి తేబోతే, అప్పుడు తెలిసింది, అకౌంట్స్ ఫోల్డర్‌ని కొత్త డ్రైవ్‌కి మార్చినప్పుడు టాస్క్‌లో ఆ పాత్ (ఫోల్డర్ ఉన్న చోటు) మార్చలేదంట, ఎనిమిది నెలలుగా అది ఖాళీ ఫోల్డర్‌నే శ్రద్ధగా కాపీ కొడుతోంది!

పెద్దోళ్లకీ తప్పలేదు లెండి. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే వెబ్‌సైట్ గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్ డైరెక్టరీనే డిలీట్ కొట్టారు, తీరా చూస్తే రోజువారీ బ్యాకప్ సాఫ్ట్‌వేర్ వర్షన్ తేడా వల్ల ఫెయిలవుతోంది, ఆ సంగతి చెప్పాల్సిన మెయిల్సేమో ఎవరికీ చేరలేదు. అంతకు 6 గంటల ముందు చేత్తో తీసిన కాపీ ఒకటి ఉండబట్టి బతికిపోయారు.

మూడు కాపీలు, రెండు రకాల స్టోరేజీ, ఒకటి వేరే చోట అని 3-2-1 లెక్క అందరూ చెప్తారు, నెలకోసారి రెండు ఫైళ్లైనా వెనక్కి తెచ్చి తెరిచి చూడమని మాత్రం గట్టిగా చెప్పరు. ఇంకోటి, బ్యాకప్ డ్రైవ్ ఎప్పుడూ సిస్టమ్‌కే తగిలించి ఉంచితే ఫైళ్లకి తాళం వేసి డబ్బులడిగే రాన్సమ్‌వేర్ దాన్నీ లాక్ చేసేస్తుంది. మీ పేపర్లో ఫోన్ల రివ్యూలు కాస్త తగ్గించి ఇలాంటివి రాయండి సార్.

– ఒక అకౌంటెంట్, విజయవాడ