మూలపేట పోర్టులో దుమ్ము లేపని యంత్రాలే పెట్టించండి: జిల్లా కలెక్టర్‌కు బహిరంగ లేఖ

గౌరవనీయులైన శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి,

2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగిన మూలపేట పోర్టులో బొగ్గు, ఎరువుల వంటి పొడి సరుకులను ఓడల నుంచి ఏ యంత్రాలతో దించాలన్నది ముందే తేల్చవలసిందిగా కోరుతున్నాను.

ఉద్యోగరీత్యా వేరే ఊళ్లో ఒక రేవు పక్కన కొన్నేళ్లు ఉన్నాను. క్రేన్‌కు వేలాడే గ్రాబ్, అంటే నోరు తెరిచి మూసే ఇనుప తొట్టి, బొగ్గును ఎత్తి హాపర్‌పైన (సరుకు పోసే పెద్ద గరాటుపైన) నోరు తెరిచిన ప్రతిసారీ నల్లటి మబ్బు లేచేది. ఉదయం ఆరేసిన తెల్ల పంచె సాయంత్రానికి బూడిదరంగుకు తిరిగేది. మన దగ్గర ఆరేది నౌపడ ఉప్పు. మడిలో తేలిన ఉప్పుపై నుసి పడితే దాన్ని పంచెలా ఉతకలేం కదా.

మూసిన స్క్రూ అన్‌లోడర్‌లో నిలువు గొట్టంలో తిరిగే మర సరుకును పైకి తోస్తుంది, అక్కడి నుంచి అది కప్పు ఉన్న కన్వేయర్‌పైనే (కదిలే పట్టాపైనే) ఒడ్డుకు చేరుతుంది. ఖరీదు ఎక్కువే, మర అరుగుతుంది, ఓడ అడుగున మిగిలినదాన్ని బుల్డోజరుతో పోగుచేయక తప్పదు. గ్రాబ్ తప్పనిసరైన చోట కనీసం దుమ్మును లోపలికి పీల్చి వడగట్టే హాపర్ ఉండాలి. నీళ్లు చల్లుతామంటారేమో, ఎరువులు తడిస్తే గడ్డకడతాయి.

2009 జాతీయ ప్రమాణాల ప్రకారం గాలిలో పీఎం10 (10 మైక్రాన్లు, అంతకంటే చిన్న కణాల) ధూళి 24 గంటల సగటున ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు మించకూడదు. ఓడలు రాకముందే ఉప్పు మళ్ల దగ్గర, తేలినీలాపురం పక్షుల విడిది దగ్గర ఈ కొలతలు తీయించి, గ్రామ సచివాలయాల్లో అంటించవలసిందిగా మనవి.

భవదీయుడు,
సంతబొమ్మాళి మండల నివాసి