పెళ్లి సంబంధాలు చెడగొట్టే కథనాలు

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం మన జిల్లా పేజీలో స్కిజోఫ్రెనియా (లేని మాటలు వినిపించి, భ్రమలు కలిగే మానసిక జబ్బు) గురించి కథనం వేశారు. 'రక్తంలోనే ఉంది రోగం' అని అంత లావు అక్షరాల్లో శీర్షిక పెట్టిన మహానుభావులెవరో గానీ, దాని ఫలితం నేరుగా నా కొట్టుకే వచ్చింది. చిత్తూరులో నాది మందుల షాపు. పెళ్లి విచారణకు వచ్చినవాళ్లు కౌంటరు మీద మీ పేపరు పరిచి, అమ్మాయి మేనత్త ఏ మాత్రలు కొంటుందో చెప్పమన్నారు. నేను చెప్పలేదు. అయినా సంబంధం తప్పిపోయిందట. తరతరాలుగా మేనరికాలు చేసుకున్నప్పుడు గుర్తురాని జన్యువులు ఇప్పుడు గుర్తొచ్చాయి!

జన్యువుల పాత్ర లేదని ఎవరన్నారు? ఉంది, బాగానే ఉంది. ఎంతో కూడా రాయాలి కదా. మామూలుగా ఈ జబ్బు వచ్చేది మహా అయితే నూటికి ఒకరికి. తల్లికో తండ్రికో ఉంటే పిల్లల్లో నూటికి పదిమంది దాకా రావచ్చు. మిగతా తొంభైమంది సంగతి మీ విలేకరికి పట్టలేదు. మేనత్తకు ఉంటే ఆ ముప్పు మూడు నాలుగుకు దిగుతుంది. జన్యువులన్నీ ఒకటే అయిన కవలల్లో ఒకరికి వచ్చినా, రెండోవారికి వచ్చేది సగం జతల్లో కూడా లేదు. 2022లో 'నేచర్' పత్రికలో వచ్చిన పరిశోధన జన్యువుల్లో 287 చోట్ల దీని జాడలు పట్టింది. ఒక్కో చోటు పెంచే ముప్పు పిసరంత. కాన్పు కష్టాలు, లేత వయసులో గంజాయి కూడా తోడవుతాయి. గంజాయి ఊసే ఎత్తలేదు మీరు, అది మన జిల్లాలో దొరకనట్టు. ఒకప్పుడు ఇలాంటివి అచ్చుకు ముందు ఒక డాక్టరుకు చూపించేవారు. ఇప్పుడు అదే పేజీ అడుగున తాయెత్తుల ప్రకటన.

అధికారులు ఇంకో రకం. మానసిక రోగులకు అత్యావశ్యక మందుల జాబితాలోనివి సర్కారు ఆసుపత్రుల్లో ఎప్పుడూ ఉచితంగా ఉండాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. ఇక్కడ ఒక ఆసుపత్రిలో అడిగితే 'స్టాక్ లేదు, బయట తెచ్చుకోండి' అని చీటీ నా షాపుకు రాసి పంపుతారు. నాకు బేరమే, కాదనను. కూలి డబ్బులు చిల్లరగా లెక్కపెట్టి, నెల కోర్సులో పది మాత్రలే చాలంటూ తీసుకెళ్లే తల్లిని చూస్తే ఆ బేరం రుచించదు. మధ్యలో మందు ఆగితే జబ్బు తిరగబెడుతుంది, మళ్లీ పెద్దాసుపత్రికని తమిళనాడులోని రాయవేలూరు (వెల్లూరు) బస్సెక్కాలి. జిల్లాను ముక్కలు చేశారు గానీ ఈ బస్సు తప్పలేదు. ఫోన్లో ఉచితంగా సలహా ఇచ్చే టెలీ మానస్ 14416 నంబరు కూడా చాలామందికి తెలియదు.

మీ విలేకరిని ఈసారి ఆ ఉచిత మందుల కిటికీ దగ్గర ఒక పూట నిలబెట్టండి. రాయడానికి బోలెడు దొరుకుతుంది.

– ఒక మందుల షాపు యజమాని, చిత్తూరు