మైళ్ల దేశంలో సైకిల్ యాత్ర

ప్రియమైన మురళికి,

వచ్చే వేసవిలో అమెరికాలోని ఆరిగన్ తీరం వెంట నాతో సైకిల్ మీద వస్తానని నువ్వు రాసినందుకు చాలా సంతోషం. దారి సంగతులు తీరిగ్గా రాస్తాను. ముందు నువ్వడిగిన కొలతల గొడవ తేల్చేద్దాం: అక్కడి మైళ్లు, అడుగులు, ఫారన్‌హీట్, పౌన్లను మన లెక్కల్లోకి ఎలా మార్చుకోవాలన్నదే కదా.

ఉత్తరపు కొసనున్న ఆస్టోరియా ఊరి నుంచి దక్షిణాన కాలిఫోర్నియా సరిహద్దు దాకా 101వ నంబరు రహదారి మీద సుమారు 370 మైళ్లు, అంటే దాదాపు 595 కిలోమీటర్లు. మైలుకు 1.609 కిలోమీటర్లని చిన్నప్పుడే చదువుకున్నాం గానీ, పక్కనుంచి లారీలు దూసుకుపోతుంటే ఆ గుణకారం ఎవరు చేస్తారు? 5, 8, 13, 21, 34, 55 అనే వరుసను గుర్తుపెట్టుకో. ఇందులో ఏ సంఖ్యను మైళ్లనుకున్నా, దాని తరువాతది కిలోమీటర్లలో ఇంచుమించు సరిపోతుంది. బోర్డు మీద 21 మైళ్లని ఉంటే 34 కిలోమీటర్లన్నమాట. అయితే ఇది కూడా మొదటి ఒకటి రెండు రోజులకే. ఆ తరువాత సైకిల్ మీటరును మైళ్లకే మార్చేసుకోవాలని నా గట్టి అభిప్రాయం. సామానుతో గంటకు పది మైళ్లు తొక్కుతామనుకుంటే మైలుకు ఆరు నిమిషాలు. మిగిలిన మైళ్లను ఆరుతో గుణిస్తే చీకటి పడేలోగా శిబిరం చేరతామో లేదో తెలిసిపోతుంది. మనకు కావలసింది అదే కదా!

కొండ ఎత్తు అడుగుల్లో చెబుతారు. మూడో వంతుకు కాస్త తక్కువ మీటర్లు. వాలు శాతానికి మార్పిడే లేదు, ఎక్కడైనా ఆరు శాతం ఆరు శాతమే, ఆయాసమూ అంతే.

చలి విషయంలో మాత్రం జాగ్రత్త. మన దేశంలో మెట్రిక్ కొలతల చట్టం 1956లోనే వచ్చినా, మనం జ్వరాన్ని ఫారన్‌హీట్‌లోను, ఎండను సెల్సియస్‌లోను చెప్పుకునే వింత మనుషులం. 102 అంటే కంగారుపడతాం, అక్కడివాళ్లు ఫారన్‌హీట్‌లో రాత్రికి 52 అంటే బిక్కమొహం వేస్తాం. ముప్పై తీసేసి సగం చెయ్యి: పదకొండు డిగ్రీలు. రెంటచింతల ఎండకు ఈ లెక్క నప్పదు; 45 డిగ్రీలంటే అసలు 113, మన ఉపాయంతో నలభై ఒకటిన్నరే వస్తుంది. ఆరిగన్ తీరంలో ఆ బెడద లేదు.

అంగట్లో పళ్లు పౌను లెక్కన అమ్ముతారు. కిలో ధర కావాలంటే రెట్టింపు చేసి, దానిలో పదో వంతు కలుపు. జున్ను అర పౌను అడిగితే 227 గ్రాములు తూచి ఇస్తారు, ఇద్దరికీ ఒక పూటకు ధారాళం. క్వార్టు పాలంటే లీటరుకు గుక్కెడు తక్కువ.

టైరు గాలి మన పెట్రోలు బంకులో లాగే పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌన్లు) లోనే. సైకిల్ బోల్టులు అక్కడా మిల్లీమీటర్లే గనుక నీ 4, 5, 6 అలెన్ కీలు తెచ్చుకో. నీ స్లీపింగ్ బ్యాగు ఎన్ని డిగ్రీల చలికి ఆగుతుందో, ఆ అంకె సెల్సియస్‌దో ఫారన్‌హీట్‌దో చూసి వెంటనే రాయి. చాలకపోతే ఇక్కడే కొందాం.

నీ
రాఘవ